పై అర్రలో అమెరికా సారు

"మీ అమ్మ నిన్నెట్ల పంపింది బిడ్డా?"

మా అవ్వ ఆయన్ని అడిగిన మొదటి మాట అది. తాండూరు స్టేషన్ నుంచి టాంగాలో వచ్చి, ఇనుప ట్రంకు మా మెట్ల దగ్గర దించుకుని, చొక్కా చేతితో మొహం తుడుచుకుంటున్నాడాయన. అవ్వ మాట అర్థం కాలేదు. "క్షమించండి అమ్మగారూ, మరొక్కసారి చెబుతారా అండీ?" అన్నాడు. అవ్వ తన ప్రశ్న సంగతి మరిచిపోయి మా బాపు దిక్కు తిరిగింది. "ఏందిరా, అమెరికా అంటివి. ఈయన బెజవాడ సారు లెక్క మాట్లాడుతున్నడు!"

1967 సంగతి. వానలు వెనకబట్టాయి, బతుకమ్మ ఇంకా రాలేదు. నాకు పన్నెండేళ్ళు. ఆయనకు ఇరవై మూడో ఇరవై నాలుగో. పేరు ఇక్కడ రాయను. రాసినా తాండూరులో గుర్తుపట్టేవాళ్ళు లేరు, అప్పుడే ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. గంజ్‌లో హమాలీల నుంచి తహసీల్ కచేరీ జవాను దాకా అందరికీ ఆయన అమెరికా సారే.

కెన్నెడీ 1961లో పీస్‌కోర్ అని ఒకటి పెట్టాడు. చదువు ముగించిన అమెరికా పిల్లలు రెండేళ్ళు ఏదో ఒక బీద దేశానికి వెళ్ళి, అక్కడి వాళ్ళ నడుమ ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని పని చేయాలి. తిండికీ గదికీ సరిపడా భత్యం ఇస్తారు. ఆ ఏడాది చివర్లోనే మన దేశానికి వచ్చిన మొదటి జట్టు పంజాబ్‌లో దిగింది. మా సారు వచ్చింది కోళ్ళ పెంపకం నేర్పడానికి. ఈ చరిత్రంతా నేను పెద్దయ్యాక తెలుసుకున్నది. అప్పట్లో ఊరంతా చెప్పుకుని నవ్వుకున్న సంగతి వేరు: కోళ్ళ సారు వచ్చి వచ్చి లింగాయతుల ఇంట్లో అద్దెకు దిగాడు.

మా ఇంట్లో గుడ్డు అన్న మాట కూడా పలికేవాళ్ళు కాదు. సమితి ఆఫీసులో తెలిసినాయన అడిగితే మొహమాటానికి బాపు పై అర్ర ఇచ్చాడు. బాపు గంజ్‌లో ఒక కందుల వ్యాపారి దగ్గర మునీం. లెక్కలు ఉర్దూలో రాసేవాడు, దేవుడికి కన్నడంలో దండం పెట్టేవాడు, మమ్మల్ని తెలుగులో తిట్టేవాడు. షరతులు మాత్రం మూడు భాషల్లోనూ చెప్పాడు. కోడి, గుడ్డు, మాంసం మెట్లెక్కకూడదు. పొలాల్లో కోళ్ళను ముట్టుకుని వస్తే బావి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి రావాలి. సారు అన్నిటికీ "తప్పకుండా అండీ" అన్నాడు. రెండేళ్ళూ ఆ మాట నిలబెట్టుకున్నాడని అమ్మ అంటుంది. పశువుల దవాఖాన కాంపౌండర్ ఇంట్లో కడుపునిండా ఆమ్లెట్లు తిని వచ్చేవాడని నాకు తెలుసు, నేను చెప్పలేదు.

మరో సంగతి అమ్మే కనిపెట్టింది. మాటల్లో ఏం చదివావని అడిగితే చరిత్ర అన్నాడు. "మరి కోళ్ళు?" అంటే, ఇక్కడికి పంపే ముందు కొన్ని వారాలు నేర్పారట. ఓహాయోలో వాళ్ళ నాన్నకు చెప్పుల దుకాణం. ఇంట్లో ఎవ్వరూ కోడిని పెంచినవాళ్ళు కారు. అమ్మ ఆ రాత్రి బాపుతో, "పెంచుడు రానాయన పెంచుడు నేర్పుతడంట, తిననోళ్ళ ఇంట్ల ఉంటడంట. బాగుంది కథ" అని నవ్వింది.

ఆయన గదిలో ఉన్నవి నాకు బాగా గుర్తు. దోమతెర. వారానికొకసారి మింగే చేదు మలేరియా గోలీలు. వాళ్ళ ఆఫీసు ఇచ్చిన పెట్టెడు ఇంగ్లీషు పుస్తకాలు. నీలం రంగు ఎయిర్‌మెయిల్ కాగితాలు, ఒక ట్రాన్సిస్టర్. మరిగించిన నీళ్ళ వాసనా, కిరోసిన్ స్టవ్వు వాసనా కలిసిన ఒక వాసన. ఆయన గొంతు ఎట్లా ఉండేదో ఎంత తలచుకున్నా రాదు. సైకిల్ నల్లదో ఆకుపచ్చదో కూడా మా తమ్ముడికీ నాకూ ఇప్పటికీ తగువే.

పొద్దున్నే చెంబు పట్టుకుని పొలాల వైపు వెళ్ళేవాడు. వెనక పిల్లల గుంపు. తెల్లవాళ్ళు మనలాగే కూర్చుంటారా లేదా అన్నది ఆ గుంపులో చర్చ. నేనూ ఆ గుంపులోనే ఉన్నాను, కొంచెం ముందే ఉన్నాను. ఆయన ఒక్కసారీ కేకలేయలేదు. కొన్నాళ్ళకు చీకటితోనే లేవడం అలవాటు చేసుకున్నాడు.

పగలంతా సైకిల్ మీద యాలాల వైపో పెద్దేముల్ వైపో తిరిగేవాడు. తెల్ల లెగ్‌హార్న్ కోళ్ళు ఏడాదికి రెండు వందలకు పైగా గుడ్లు పెడతాయి, నేల మీద పల్లి పొట్టు మందంగా పరిచి వాటిని పెంచాలి, కొక్కెర రోగానికి టీకా వేయించాలి. ఇదీ ఆయన చెప్పే పాఠం. టీకా మందు చల్లగా ఉండాలి కాబట్టి హైదరాబాద్ నుంచి రైల్లో థర్మాస్ ఫ్లాస్కులో ఐసు వేసి తెచ్చేవాడు. స్టేషన్ నుంచి ఇంటికొస్తే ముందు ఆ ఐసు ముక్క కోసం మేం చెయ్యి చాపేవాళ్ళం. పెద్దేముల్ దగ్గర ఒక తండాలో లంబాడీ ముసలమ్మ ఆయన కోళ్ళను మూడు రోజులు చూసి ఒకటే అడిగిందట: "పొదగదా? పొదగని కోడి ఏం కోడి?" లెగ్‌హార్న్ పొదగదు, నిజమే. ఆ ప్రశ్నకు తనకు నేర్పిన పాఠాల్లో జవాబు లేదని ఆయన మా అమ్మతో చెప్పుకుని నవ్వాడు.

అమ్మను మొదట "అక్కగారూ" అనేవాడు. తర్వాత "అక్కా". అమ్మ ఆయన్ని ఎప్పుడు "తమ్ముడూ" అనడం మొదలుపెట్టిందో నాకు తెలియదు. రొట్టెలు కొట్టే దగ్గర పీట వేసుకుని కూర్చునేవాడు. జొన్నరొట్టె కొట్టడం నేర్చుకుంటానని పట్టుబట్టి నెల రోజులు తిప్పలు పడ్డాడు. ఆయన రొట్టె అంచులు పగిలి మైసూరు రాష్ట్రం పటం మాదిరి వచ్చేది. పుంటికూర, కందిపప్పు, పచ్చిపులుసు, కుసుమ నూనెలో వేయించిన మిరపకాయ, అన్నీ తినేవాడు. అంబలి ఒక్కటి మాత్రం ముక్కు మూసుకుని తాగేవాడు.

బడిలో మాకు మధ్యాహ్నం కేర్ అనే అమెరికా సంస్థ వాళ్ళ గోధుమరవ్వ ఉప్మా పెట్టేవాళ్ళు. నూనె డబ్బాల మీద రెండు చేతులు కరచాలనం చేసే బొమ్మ. ఒక రోజు నేను ఉప్మా ఆకులో చుట్టి తెచ్చి, "మీ దేశం తిండి, తీసుకోండి" అని ఇచ్చాను. తిని, ఇట్లాంటిది తన జన్మలో తినలేదన్నాడు. నేను నమ్మలేదు.

ఆయనకు మా ఊరు ఎంత పరాయిదో అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, మా ఇంట్లో పరాయిదేశం ఆయనొక్కడికే కాదనిపిస్తుంది. తాండూరు తాలూకా అంతకుముందు గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలు పంచినప్పుడు తాండూరు, కొడంగల్ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి, మిగతా గుల్బర్గా మైసూరుకు పోయింది. నేను ఉయ్యాల్లో ఉన్నాను. అమ్మ పుట్టిల్లు సేడం పక్కన పల్లె. కూర్చున్న చోటి నుంచి కదలకుండానే ఆమె పుట్టిల్లు వేరే రాష్ట్రమైపోయింది. నా పుస్తకంలో తెలుగు చదవడం ఆమెకు రాదు. సారు ట్రంకులోంచి తెలుగు వాచకం తీసి చదువుతుంటే అమ్మ కూడా పక్కన కూర్చుని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. మా అమ్మకు తెలుగు నేర్పింది ఒక అమెరికావాడు. ఈ మాట చెబితే మా పిల్లలు నవ్వులాట అనుకుంటారు.

బతుకమ్మకు తంగేడు, గునుగు కోసం మాతో పాటు జొన్నచేలలోకి వచ్చాడు. చేతులు గీసుకుపోయాయి. ఇంత కష్టపడి పేర్చిన పూలను నీళ్ళలో ఎందుకు వదిలేస్తారని అవ్వను అడిగాడు. "మరి ఇంట్ల పెట్టుకుని ఏం జేస్తరు, కుళ్ళిపోవా?" అంది అవ్వ. ఆయన దాన్ని కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు. అన్నీ రాసుకునేవాడు. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి దండం పెడితే ఆ ఆకును ఉత్తరంలో పెట్టి వాళ్ళ అమ్మకు పంపాడు.

నవంబర్లో వాళ్ళ పండుగ ఒకటి వచ్చింది, థాంక్స్‌గివింగ్. పెద్ద కోడిలాంటి టర్కీ పక్షినీ, గుమ్మడికాయ తీపినీ తింటారట. మొదటిది మా ఇంట్లో కుదరదు కదా. అమ్మ బెల్లం వేసి గుమ్మడికాయ వండి, పూరీలు చేసి పెట్టింది. తిని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. అమ్మ కారం ఎక్కువైందేమోనని కంగారు పడింది. అందులో కారమే లేదు.

ఆ నెలలోనే ధారూర్ జాతర. తాండూరుకూ వికారాబాద్‌కూ నడుమ ధారూర్ స్టేషన్, అక్కడికి దగ్గర్లోని అడవిలో మెథడిస్టు క్రైస్తవుల జాతర ఏటా నవంబర్లో జరుగుతుంది. 1923లో మొదలైందని చెప్తారు. ఇప్పటికీ లక్షల మంది వస్తారు. మా వీధి చివర ఉండే నర్సమ్మది వికారాబాద్. ఆమె సారును పిలిచింది, నేను ఏడ్చి ఏడ్చి వెంటపడ్డాను. లింగాయతుల పిల్ల ఏసు జాతరకా అని అవ్వ గొణిగింది గానీ బాపు పొమ్మన్నాడు.

రైలు దిగేసరికి చెట్ల కింద ఎటు చూసినా ఎడ్లబండ్లే. బండి కిందే వంట, బండి కిందే పడక. చింతచెట్టుకు కట్టిన ఉయ్యాల్లో పసిపిల్ల. తల నీలాలు ఇచ్చినవాళ్ళు, మొక్కు తీర్చుకోవడానికి మోకాళ్ళ మీద వచ్చేవాళ్ళు, గాజుల దుకాణాలు, మరమరాలు. పాటలేమో ఏసువి, తప్పెట దరువేమో మైసమ్మ జాతరది. సారు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. వాళ్ళ ఊళ్ళో చర్చి అంటే ఆదివారం పొద్దున గంటసేపు, కోటు వేసుకుని, దగ్గు వచ్చినా ఆపుకుని కూర్చునేదట. "ఇది కూడా మెథడిస్టేనా అండీ?" అని నర్సమ్మను రెండుసార్లు అడిగాడు. ఆమెకు కొంచెం కోపం వచ్చినట్టుంది. "మీ వాళ్ళే కదా సార్ నేర్పింది" అంది. నిజానికి ఆ మిషన్ తెచ్చింది ఆయన దేశం వాళ్ళే. వికారాబాద్‌లో బడి, దవాఖాన కట్టింది కూడా వాళ్ళే. రాత్రి చలిమంట దగ్గర ముసలాయన ఎవరో మా అందరికీ జొన్నరొట్టె, మాంసం కూర పెట్టాడు. నేను రొట్టె మాత్రం తిన్నాను. కూర వాసన మాత్రం ఇప్పటికీ ముక్కులో ఉంది. బాగుంది ఆ వాసన. అవ్వ బతికున్నన్నాళ్ళూ ఈ మాట పైకి అనలేదు.

క్రిస్మస్‌కు వికారాబాద్ వెళ్ళి చర్చిలో కూర్చుని వచ్చాడు. అంతకంటే దాని గురించి ఏమీ గుర్తులేదు. దాని వెంటనే వచ్చిన పండుగ మాత్రం నిన్నటిలా ఉంది.

మార్గశిర అమావాస్యను సరిహద్దు పల్లెల్లో ఎళ్ళ అమాస అంటారు. కన్నడ దేశం పండుగే, గుల్బర్గా వైపు నుంచి మాకు మిగిలింది. పైరు నిండు చూలాలట, ఆమెకు ఆ రోజు పొలంలో సీమంతం. ఆ ఏడు అది డిసెంబరు ఆఖరున పడింది, ఇంగ్లీషు కొత్త సంవత్సరానికి ముందు. మేమంతా సేడం రైలెక్కి అమ్మ పుట్టింటికి పోయాం, సారుతో సహా. అక్కణ్ణుంచి మామ బండి కట్టాడు. ఎడ్ల కొమ్ములకు రంగులు, బండి నిండా గంపలు: సజ్జ కడుబులు, నువ్వులద్దిన సజ్జ రొట్టెలు, రకరకాల గింజలూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జి, కుండలో మజ్జిగ అంబలి. నల్లరేగడి చేలో జొన్న ఎన్ను వేసి, కంది పూత పసుపుపచ్చగా, కుసుమ ముళ్ళు కాళ్ళకు గుచ్చుకుంటూ. జొన్న దంట్లతో చిన్న గుడిసె కట్టి, అయిదు రాళ్ళు పెట్టి, పాండవులని పూజ చేశారు. తర్వాత మామ ఒక గిన్నెలో వంటలన్నీ కలిపి చేను చుట్టూ తిరుగుతూ చల్లాడు. ముందు ఒకరు అరుస్తుంటే వెనక ఒకరు బదులు అరుస్తూ, ఒకరు నీళ్ళు చల్లుతూ వెళ్ళాలి. ఆ అరుపు సారుకు తెగ నచ్చింది. నీళ్ళ చెంబు ఆయనే పట్టుకున్నాడు. గట్ల మీద జారుతూ, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేను మొత్తం మామ వెనక తిరిగాడు.

పొలంలో కూర్చుని తింటుంటే దారిన పోయే వాళ్ళను పిలిచి పెట్టాలి. ఎవరు పోయినా, ఏ కులమైనా, ఆ రోజు పిలవకపోతే తప్పు. అట్లా వచ్చి కూర్చున్న ముసలివాడొకడు సారును చూసి కన్నడంలో ఏదో అడిగాడు. మామ చెప్పిన జవాబు మా అమ్మ తర్వాత సారుకు తెలుగు చేసి చెప్పింది: "మా అక్క తమ్ముడు, ఆంధ్రా నుంచి వచ్చిండు." మామ వేళాకోళానికే అన్నాడు. ముసలివాడు తలూపి భజ్జి తిన్నాడు. నమ్మాడనే అనుకుంటాను.

ఆ తిరుగు రైల్లోనో, ఇంకెప్పుడో, బాపుతో ఒక మాట అన్నాడట. బాపు మాకు చెప్పింది చాలా ఏళ్ళ తర్వాత. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఆయనకు వియత్నాం యుద్ధానికి పిలుపు వాయిదా పడుతుంది. వాళ్ళ పక్కింటి కుర్రాడు వెళ్ళాడు, రాలేదు. అవ్వ మొదటి రోజు అడిగిన దానికి జవాబు అదన్నమాట. వాళ్ళ అమ్మ ఏడవకుండా పంపింది.

అవ్వతో సహా ఊళ్ళో చాలామంది ఆయన్ని గూఢచారి అనుకునేవాళ్ళు కొన్నాళ్ళు. రాత్రిపూట ట్రాన్సిస్టర్ వింటాడు, అన్నీ రాసుకుంటాడు, ఇంకేం కావాలి? కాముడి పున్నమితో ఆ అనుమానం పోయింది. పిల్లలం ఇల్లిల్లూ తిరిగి జాజిరి ఆడుతూ కట్టెలూ పైసలూ అడుక్కుంటుంటే ఆయనా కోలలు పట్టుకుని వచ్చేశాడు. వాళ్ళ దేశంలోనూ పిల్లలు ఒక రాత్రి దయ్యాల వేషాలు వేసుకుని గడపగడపకూ మిఠాయిలడుగుతారని చెప్పాడు. ఎవరి ఇంటి ముందో ఉన్న విరిగిన మంచం కాముడి మంటలోకి ఎత్తుకెళ్ళారు. ఎత్తినవాళ్ళలో ఒక కాలు పట్టుకున్నది అమెరికా సారు. మంచం సొంతదారు మర్నాడు మా ఇంటికి వచ్చి బాపును తిట్టాడు గానీ, గూఢచారి అని ఎవరూ మళ్ళీ అనలేదు.

ఆ ఏడు, 1968లో, ఉగాది అయ్యీ కాకముందే మొహర్రం పీర్లు లేచాయి. మా వీధి వెనకే పీర్ల కొట్టం. ముందు గుండం తవ్వి, ఎర్రటి నిప్పులు. చుట్టూ అలావా ఆడేవాళ్ళు. పీరును ఎత్తుకునేవాళ్ళలో సగం మంది హిందువులే, మొక్కు ఉన్నవాళ్ళు. అవ్వ కూడా బెల్లం, మలీద పంపేది. లోబాన్ పొగ మా పై అర్ర కిటికీలోంచి లోపలికొచ్చేది.

అప్పుడే ఒక సాయంత్రం సారు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ట్రాన్సిస్టర్ ఒళ్ళో ఉంది, నొక్కి ఆపేశాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. బాపు రేడియో వార్తలు విని వచ్చి చెప్పాడు: మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. బాపుకు ఆ పేరు తెలుసు. 1959లో మన దేశానికి వచ్చి, గాంధీ పేరు చెప్పుకున్నాయనగా తెలుసు. నాకు తెలియదు. సారుకు ఆయన చుట్టమా అని అడిగాను. "మీరు వెళ్ళి పడుకోండి" అన్నాడు, ఎప్పటిలాగే నన్ను కూడా మీరు అంటూ.

రాత్రి చాలా పొద్దుపోయాక ఆయన పీర్ల కొట్టం వైపు నడుస్తుంటే వెనకే పోయాను. గుండానికి ఇవతల, అరుగు మీద కూర్చున్నాడు. కొట్టం చూసుకునే ముజావర్ చాచా షర్బత్ గ్లాసు తెచ్చి ఇచ్చాడు. మీ దగ్గర ఎవరో పెద్దమనిషిని చంపారట కదా అని ఉర్దూలో అడిగాడు. సారుకు అంత ఉర్దూ రాదు, అయినా అర్థమైంది. తలూపాడు. చాచా ఆయన పక్కనే కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఎదురుగా హుసేన్ కోసం గుండెలు బాదుకుంటున్నారు. నాకు నిద్ర వస్తోంది, ఇంటికి ఎట్లా చేరానో గుర్తులేదు.

అనంతగిరికి ఎప్పుడు వెళ్ళామో సరిగా చెప్పలేను. ఆ ఎండాకాలమో తర్వాతి చలికాలమో. మా పెద్దమ్మ అక్కడి క్షయ దవాఖానలో ఉండేది. నిజాం కాలంలో, 1946లో, గాలి మంచిదని ఆ గుట్టల మీద కట్టించారు. వికారాబాద్‌లో దిగి గుట్ట ఎక్కాలి. మూసీ పుట్టే చోటు అదే. ఫినాయిలు వాసన, బయట తడి ఆకుల వాసన. పెద్దమ్మ సారుతో గంటసేపు కన్నడంలో మాట్లాడింది, ఆయనకు రాదని ఎంత చెప్పినా వినకుండా. ఆయన ఆ గంటా "హౌదు, హౌదు" అంటూ కూర్చున్నాడు. అదొక్క మాటే వచ్చు. పెద్దమ్మ నయమై ఇంటికొచ్చాక కూడా, నా మాట విన్నది ఆ అమెరికా పిలగాడొక్కడే అనేది.

1969 వేరేగా మొదలైంది. జనవరిలో పిల్లలు బడులు బందు పెట్టారు. తెలంగాణకు ఇచ్చిన రక్షణలు అమలు చేయాలన్నారు, ముల్కీ నియమాలన్నారు, తర్వాత వేరే రాష్ట్రమే కావాలన్నారు. నాకు అర్థమైంది బడి లేదని మాత్రమే. నెలల తరబడి లేదు. రైళ్ళు ఆగిపోయేవి. ఒక రోజు బజారులో కాలేజీ కుర్రాళ్ళు సారు సైకిల్ ఆపి, ఆయన మాట విని, నువ్వు ముల్కీవా గైర్ ముల్కీవా, అంటే ఇక్కడివాడివా బయటివాడివా అని అడిగారు. పుస్తకాల తెలుగు ఆయన కొంప ముంచింది. "నేను ఓహాయో వాడినండీ" అన్నాడు. అందులో ఒకడు, "ఓహాయో ఏ జిల్లా, గుంటూరా?" అన్నాడు. అంతా నవ్వి వదిలేశారు. తర్వాత సారు మా అవ్వ దగ్గర కూర్చుని "ఉన్నరా, తిన్నరా" నేర్చుకున్నాడు. కొంచెం ఆలస్యంగా.

నవ్వలేని సంగతి ఇంకొకటి. రైళ్ళు లేక హైదరాబాద్ నుంచి టీకా మందు రాలేదు. యాలాల దిక్కు కొక్కెర రోగం తగిలి ఆయన పెట్టించిన కోళ్ళు వరసగా పోయాయి. అప్పు తెచ్చి కొన్న రైతు ఒకాయన మా వాకిట్లోకి వచ్చి, తిట్టకుండా, ఊరికే కూర్చున్నాడు. సారు తన భత్యంలోంచి ఎంతో ఇచ్చాడు. అది పెట్టుబడిలో ఏ మూలకూ రాదు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వికారాబాద్ వచ్చే దారిలో ఎన్ని కోళ్ళ ఫారాలో. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్ పెట్టాక ఈ వ్యాపారం వేరే దారి పట్టింది. అందులో మా సారు వాటా ఏమీ లేదని నిజాయితీగా చెప్పాలి. తాండూరుకు పేరొచ్చింది కందిపప్పుతోనే, దానికే 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

జూలైలో చంద్రుడి మీద మనిషి దిగాడు. పొద్దున ఎనిమిదిన్నరకు అటూ ఇటూ. మా ఇంటి ముందు యాభై మంది ఉన్నారు, ఆ పని చేసింది సారే అన్నట్టు. ఆయన ట్రాన్సిస్టర్ గోడ మీద పెట్టి, ఇంగ్లీషు విని తెలుగులో చెబుతున్నాడు. గరగరలో సగం వినపడలేదు. హమాలీ ఒకడు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. అవ్వ గుమ్మంలోంచి అంతా విని, మెల్లగా అడిగింది.

"చెప్పులతోనే దిగిండ్రా?"

"అవునవ్వా, పెద్ద బూట్లు."

"శివుని నెత్తి మీద! బూట్లతోటి!"

సారు అమెరికా తరఫున అవ్వకు క్షమాపణ చెప్పాడు. అవ్వ మెత్తబడలేదు. ఆ సాయంత్రం అభిషేకం చేయించి, ఖర్చు సారు దగ్గరే వసూలు చేసింది.

ఆ వానాకాలం చివర వెళ్ళిపోయాడు. స్టేషన్‌కు ఎంతమంది వచ్చారో చెప్పలేను, నేను వెళ్ళలేదు. జ్వరం అన్నాను. పుస్తకాల పెట్టె నాకు వదిలేశాడు. నేను వాటిని చదవగలిగేసరికి మరో ఆరేడేళ్ళు పట్టింది. అప్పటికి సగం చెదలు తిన్నాయి.

పీస్‌కోర్ 1976లో మన దేశం నుంచే వెళ్ళిపోయింది. దానికి చాలా ముందే, 1971 యుద్ధంలో అమెరికా నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు, గంజ్‌లో ఎవరో బాపును "మీ అల్లుడి ఓడ వచ్చిందంట" అని దెప్పారు. ఇదే పీస్‌కోర్‌లో బొంబాయి దగ్గర విక్రోలీలో డెబ్బైకి దగ్గరపడ్డ నర్సు ఒకామె పనిచేసింది, లిలియన్ కార్టర్. ఆమె కొడుకు 1977లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. అవ్వకు ఈ కథ చెబితే మళ్ళీ అదే అడిగేది, ఈసారి తిరగేసి: కొడుకు ఎట్ల పంపిండు?

సారు వెళ్ళిన మరుసటి ఏడు చలికాలంలో ఆయన నుంచి ఉత్తరం వచ్చింది, తెలుగులోనే. వంకర అక్షరాలు, అమ్మ కూడా చదవగలిగేటంత పెద్దవి. ఈసారి ఎళ్ళ అమాస ఏ తారీఖో చెప్పమన్నాడు. ఊరి బయట ఎవరిదో పొలం ఉందట, అడిగితే ఒప్పుకున్నారట. భజ్జిలో ఏమేం వేయాలో రాయమన్నాడు. కాకపోతే అప్పుడక్కడ నేలంతా మోకాలి లోతు మంచు ఉంటుంది, పరవాలేదా అని అడిగాడు.

అమ్మ రొట్టె కొడుతూ చెప్పింది, నేను రాశాను. "తమ్ముడూ, మంచుల ఏం చల్లుతవు, కాకులు కూడ తినవు. మీ దగ్గర పైరు ఎప్పుడు నిలబడి ఉంటదో అప్పుడు చేసుకో, తారీఖు సంగతి నేను దేవునికి చెప్పుకుంట. పొలంగలాయనను, తొవ్వల పోయెటోళ్ళను పిలువు. భజ్జిల మాంసం వెయ్యకు."

కాగితం మడిచి అంటించబోతుంటే మళ్ళీ కేకేసింది. "కోడిగుడ్డు కూడ వద్దని రాయి. రాయకపోతే వేస్తడు."